పరీక్షలో ఏమియు లేదన్నను ఉపేక్షింపరాని రక్తస్రావము
(గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించి ఒక వైద్యుని ప్రసంగ పాఠము)



మన కర్నూలు, కడప జిల్లాల పల్లెలలో ఆరోగ్య పరీక్షకు పోయివచ్చిన స్త్రీలు "ఏమియు లేదన్నారు" అని నిశ్చింతగా చెప్పుచుందురు. ఆ మాటకు గల హద్దును గూర్చియే నేడు చెప్పదలచితిని.

గర్భాశయ ముఖమునకు వచ్చు క్యాన్సరునకు మూలము హెచ్.పి.వి. అను వైరసు. అది సోకిన పిదప వ్యాధి ముదురుటకు సాధారణముగా 15 నుండి 20 ఏండ్లు పట్టును. కనుకనే 30 మొదలు 65 ఏండ్ల వరకు 5 ఏండ్లకొకమారు పరీక్ష జరుపవలెనని 2016లో కేంద్ర ప్రభుత్వము సూచించినది. పలుచని ఎసిటిక్ ఆమ్లమును గర్భాశయ ముఖమునకు అద్ది, ఒక నిమిషమాగి చూచెదరు. కణములు చెడినచోట తెల్లని మచ్చ తేలును. తమిళనాడులోని దిండిగల్ జిల్లా పల్లెలలో ఈ పరీక్షను, తగు చికిత్సను ఒక్కమారు జరిపినందుననే ఈ క్యాన్సరు మరణములు 35 శాతము తగ్గినట్లు 2007లో వెల్లడియైనది. కావున పరీక్ష వ్యర్థమని నేననుట లేదు.

కాని కన్ను చూడగలిగినంతవరకే అది చూచును. ముట్లుడిగిన వారిలో వ్యాధి మొదలగు తావు లోపలి కాలువలోనికి ముడుచుకొనిపోవును. మచ్చ యున్నను కంటబడదు. గ్రంథి కణములలో పుట్టు క్యాన్సరు సయితము తరచు అచ్చటనే దాగును. గాజుపలకపై కణములను పూసి చూచు పాప్ పరీక్షకును అది చిక్కకపోవచ్చును. వైరసునే వెదకు డి.ఎన్.ఏ. పరీక్ష వీనికన్న మేలు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానినే సిఫారసు చేసినది. అదియు పొరపాటునకు అతీతము కాదు.

కావున ముట్లుడిగిన పిదప రక్తము కనబడినను, భర్తతో కలిసిన తరువాత రక్తము పోయినను, దుర్వాసనతో నీరు కారినను, ఒంటికి వేడిచేసినదని సబ్జా నీళ్లు త్రాగి ఊరకుండరాదు. నిరుటి చీటీని నమ్మి కూర్చొనరాదు. అట్టివారిని రాబోవు శిబిరము వరకు ఆపక, కర్నూలు లేక కడప ప్రభుత్వ సర్వజన వైద్యశాలకు పంపవలెను. అవసరమైనచో చిన్న ముక్క తీసి పరీక్షించెదరు.

ఇక కోసిగి, ఆదోని ప్రాంతముల నుండి మిరపకోతలకు గుంటూరు వైపు వలసపోవు స్త్రీలున్నారు. వారు ఊర లేని దినములలో శిబిరము పెట్టిన ఫలమేమి? కోత ముగిసి తిరిగి వచ్చిన పిదప మరియొక దినము కేటాయింపుడని తీర్మానించి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపుడు. మచ్చ కనబడిన వారు పెద్దాసుపత్రికి పోయిరో లేదో ఆశా కార్యకర్తను అడుగుడు. పేర్లు మాత్రము రచ్చకెక్కనీయకుడు. పురుషుల యెదుట ఈ సంగతులు నోట రావు. చట్టరీత్యా సగము స్థానములు స్త్రీలవే గనుక, ఆ సభ్యురాండ్రే ఈ పని చేపట్టుట మేలు.

వైద్యశాలకు పోవునామెతో పాత చీటీని తప్పక పంపుడు. అచ్చట "పరీక్షకు వచ్చితిని" అనక, "రక్తము పోవుచున్నది" అని మొదటనే చెప్పుమనుడు.