అతుకు విద్య

సికింద్రాబాదు నుండి కరీంనగరు పోవు బాటలో, మేడ్చల్ జిల్లా శామీర్‌పేట చెరువు దాటి తుర్కపల్లి దిక్కుగా సాగిన వారికి జీనోం వ్యాలీ ప్రయోగశాలలు కనబడును. అచ్చటి భారత్ బయోటెక్ సంస్థ పసిపిల్లల కొరకు చేసిన టైఫాయిడు టీకాకు 2013లో మన దేశమున అనుమతి లభించినది. 2017 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని ఆమోదించినది.

ఆ టీకాలోని విశేష మేమి? టైఫాయిడు క్రిమి పైపొరలోని చక్కెర పదార్థమును ఒంటరిగా ఇచ్చినచో రెండేండ్ల లోపు బిడ్డ దేహము దానిని అంతగా లెక్కచేయదు. కనుక, విషగుణము తొలగించిన ధనుర్వాత మాంసకృత్తును దానికి రసాయన బంధముతో అతికించిరి. అంతట దేహము శత్రువును గుర్తించి, జ్ఞాపక ముంచుకొనును.

ఈ అతుకు విద్యకే మరియొక శాఖ కలదు. శత్రువును వెదకి పట్టుకొను మాంసకృత్తునకు యాంటీబాడీ అని పేరు. తాళమునకు తగిన చెవి వలె అది తన గుర్తునే అంటుకొనును. 1941లో అమెరికాలో ఆల్బర్ట్ కూన్స్, ఆయన సహచరులు దానికి వెలుగు చిమ్ము పదార్థమును అతికించగా, అది అంటుకొన్న క్రిములు సూక్ష్మదర్శినిలో మెరసినవి. వెలుగునకు బదులు మందును అతికించిన నేమగును?

ఫ్రాన్సులో జార్జ్ మతే 1958లో, ఎలుకల రక్త క్యాన్సరుపై ఆ పనియే చేసి చూచెను. ఆయన అతికించిన మందు మెథొట్రెక్సేటు. మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో రూపొందిన మందది. 1948లోనే కన్నుమూసిన సుబ్బారావుగారికి ఈ ముచ్చట చూచు భాగ్యము లేకపోయినది.

చిక్కంతయు అతుకులోనే ఉన్నది. ఇట్టి మందులు విషతుల్యములు. దారిలో వీడినచో మంచి కణములకు హాని. గమ్యము చేరియు పనిచేయకున్నచో శ్రమ వృథా. అందుచే కొన్ని అతుకులను కణము లోపలి ఆమ్లమునకు తెగునట్లును, కొన్నింటిని అచ్చటి ఎంజైములు కత్తిరించునట్లును కూర్తురు. అతికించు తావు కూడ ముఖ్యమే. యాంటీబాడీలో లైసిన్ కొనలు పెక్కు. వానికి అతికించినచో ఒకదానికి తక్కువ, మరొకదానికి ఎక్కువ మందు పట్టును. సిస్టీన్ లోని గంధకమునకు అతికించినచో లెక్క కొంత అదుపులోనికి వచ్చును.

లెడర్లీలోనే వెలుగుచూచిన కాలిషియామైసిన్ అను తీవ్రమైన మందును మోయు మైలోటార్గ్, 2000లో అమెరికాలో అనుమతి పొందెను. ఈ జాతి మందులలో అదియే మొదటిది. తరువాతి పరీక్షలో మేలు తేలకపోగా మరణములు హెచ్చుగా కనబడినందున 2010లో దానిని ఉపసంహరించిరి. మోతాదు తగ్గించి 2017లో మరల అనుమతించిరి.

శామీర్‌పేట టీకాలో అతుకు సీసాలో వీడరాదు; ఈ మందులో వేళకు వీడవలెను. మీ యింట ఎవరికైన ఇట్టి చికిత్స జరుగుచున్నచో, యాంటీబాడీ దారి చూపుచున్నదిగదా, హాని లేదని అనుకొనకుడు. వైద్యులు చెప్పిన రక్తపరీక్షలను ఒక్కటియు మానకుడు. అతుకు ఎంత గట్టిదైనను, కాపలా మాత్రము మనుష్యులదే.