కాల్షియం రిపోర్టు: నేను ఆలస్యంగా నేర్చుకున్న పాఠం

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం వారు ఫోన్ చేసి "నలుగురికీ పనికొచ్చేది ఏదైనా మాట్లాడు" అన్నారు. నేను డాక్టరును కాను. ఫ్యాక్టరీల్లో ప్రెషర్ గేజీలు, టెంపరేచర్ మీటర్లు చూసుకునే ఇంజనీరును. కానీ ఈ వయసులో మనం కలిస్తే మార్కుల గురించి మాట్లాడుకోం, రక్త పరీక్షల గురించే మాట్లాడుకుంటాం. అందుకని ఒక రిపోర్టు చదవడంలో నేను చేసిన తప్పు చెబుతాను.

మా సైన్సు సారు సున్నపు తేటలోకి గొట్టంతో ఊదించిన రోజు మీకూ గుర్తుండే ఉంటుంది. తేట పాలలా తెల్లబడేది. ఆ సున్నంలో ఉన్నది కాల్షియం. 1591లో కట్టిన మన చార్మినారు రాళ్లను పట్టి ఉంచిన గచ్చులోనూ అదే ఉంది. మన ఒంట్లోని కాల్షియంలో 99 శాతం ఎముకల్లో, పళ్లలోనే ఉంటుంది. రక్తంలో తిరిగేది చాలా కొంచెం. కానీ గుండె కొట్టుకోవాలన్నా, కండరం కదలాలన్నా ఆ కొంచెమే దిక్కు.

కొన్నేళ్ల కింద అమ్మకు హెల్త్ ప్యాకేజీ పరీక్షలు చేయించాను. కాల్షియం 11.0 వచ్చింది, పక్కన 'హెచ్' అని ఉంది. మామూలుగా 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, ల్యాబును బట్టి కాస్త అటూ ఇటూ. "ఎక్కువుంటే మంచిదే గదా బిడ్డా, ఎముకలు గట్టిగున్నట్టే" అంది అమ్మ. నేనూ అవునన్నాను. రిపోర్టు అల్మారాలో పెట్టేశాను. తర్వాత అమ్మకు అలసట, మలబద్ధకం, రాత్రిళ్లు దాహం. వయసు మీద పడుతోంది అనుకున్నాం. రెండేళ్లకు వాకిట్లో తడి మీద జారింది. చిన్నగా పడినా మణికట్టు విరిగింది.

కట్టు కట్టిన డాక్టరుగారు పాత రిపోర్టులు అడిగారు. మళ్లీ కాల్షియం చూపిస్తే 11.2. దాంతోపాటు పి.టి.హెచ్. అనే పరీక్ష రాశారు. అది 62 వచ్చింది. ల్యాబు ఇచ్చిన పరిధి 15 నుంచి 65. "ఇది నార్మలే కదండీ" అన్నాను. ఆయన నవ్వి, "మీరు ఇంజనీరు కదా, మీ ఇంట్లో గీజరు ఉందా?" అని అడిగారు.

నీళ్లు మరిగిపోతుంటే థర్మోస్టాట్ కరెంటు ఆపేయాలి. ఆపకపోతే థర్మోస్టాట్ చెడినట్టు. మన మెడలో, థైరాయిడ్ వెనకాల, సాధారణంగా నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులు ఉంటాయి, ఒక్కొక్కటి బియ్యపు గింజంత. రక్తంలో కాల్షియం తగ్గితే అవి పి.టి.హెచ్. వదులుతాయి. అది ఎముకల్లోంచి కాల్షియం లాగి రక్తంలో పోస్తుంది. కాల్షియం పెరిగితే ఆ హార్మోను బాగా తగ్గిపోవాలి. అమ్మకు తగ్గలేదు. విడిగా చూస్తే 62 మామూలే. 11.2 పక్కన పెట్టి చూస్తే అది మామూలు కాదు. రక్తంలో ఎక్కువగా కనబడిన కాల్షియం అమ్మ ఎముకల్లోంచి పోతున్నదే. మేము ఆస్తి పెరిగిందనుకున్నాం, ఇల్లు కూలుతోంది.

ఇరవై నాలుగు గంటల మూత్రంలో కాల్షియం, విటమిన్ డి, కిడ్నీ పరీక్షలు, ఎముకల స్కాను చేశాక, నాలుగు గ్రంథుల్లో ఒకటి పెరిగిందని తేలింది. ఆపరేషన్ చేసి తీసేశారు. ఇప్పుడు కాల్షియం 9.6. కానీ ఆ రెండేళ్లలో అరిగిన ఎముక మొత్తం వెనక్కి రాదు.

ఈ మాటలు గుర్తుంచుకోండి. కాల్షియం ఎక్కువగా వస్తే సంతోషించకండి, మళ్లీ చేయించి, పి.టి.హెచ్. కూడా చూడాలా అని డాక్టరును అడగండి. కాల్షియం ఎక్కువగా ఉండి పి.టి.హెచ్. బాగా తక్కువగా ఉంటే కారణం వేరే చోట ఉంటుంది. విటమిన్ డి అతిగా వాడటం, కొన్ని క్యాన్సర్లు అందులో ఉన్నాయి.

తక్కువగా వచ్చినా వెంటనే భయపడొద్దు. రక్తంలో కాల్షియం దాదాపు సగం ఆల్బుమిన్ వంటి ప్రొటీన్లకు అంటుకుని ఉంటుంది. ఆల్బుమిన్ తగ్గితే మొత్తం అంకె కూడా తగ్గినట్టు కనిపిస్తుంది. ఆల్బుమిన్ 4 కంటే ఎంత తగ్గిందో దాన్ని 0.8తో గుణించి కాల్షియానికి కలపాలి. కాల్షియం 7.8, ఆల్బుమిన్ 2.5 అయితే సరిచేసిన లెక్క 9.0. ఇది ఉజ్జాయింపు మాత్రమే, అనుమానముంటే అయొనైజ్డ్ కాల్షియం అనే పరీక్ష ఉంది. కానీ పెదవుల చుట్టూ, వేళ్లలో తిమ్మిర్లు, కండరాలు పట్టేయడం ఉంటే ఆలస్యం చేయొద్దు.

కాల్షియంతోపాటు ఫాస్ఫరస్ కూడా రాస్తారు. దాన్ని రంగుతో కొలిచే పద్ధతిని 1925లో ఫిస్కేతో కలిసి ప్రకటించినవారు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ప్రపంచమంతా వాడిన పద్ధతి అది. ఆ కాగితం చదవడం మనకు రాకపోతే ఎలా?

ఒక్క మీటరు చూసి మెషీను గురించి తీర్పు చెప్పకూడదని నా దగ్గర పనిచేసే పిల్లలకు రోజూ చెబుతాను. ఇంట్లో నేనే మరిచాను. ఈ రాత్రి ఇంటికెళ్లి అమ్మానాన్నల పాత రిపోర్టులు ఒకసారి బయటికి తీయండి. 'హెచ్' అని ఉన్న చోట ఆగండి.

మా అమ్మ ఈరోజు ఇక్కడే, రెండో వరుసలో కూర్చుంది. ఈ మాటలు చెప్పడానికి ఆమె ఒప్పుకుంది.