చక్రాల కుర్చీ - ఎడమ బ్రేకు

పక్షవాతం వచ్చిన మనిషి ఆసుపత్రి నుంచి ఇల్లు చేరాక, చాలా ఇళ్లలో ముందు కొనేది చక్రాల కుర్చీ. అది రాగానే సగం బెంగ తీరినట్టుంటుంది. కాని కుర్చీలోంచి మంచం మీదికి, మంచం మీది నుంచి కుర్చీలోకి మారే ఆ రెండు నిమిషాలే అసలు గండం.

హోసూరు దగ్గర ఒక పల్లెలో నేను చూసిన పెద్దాయన సంగతి చెబుతాను. ఆయనకు ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాట బాగానే ఉంది, లెక్క తప్పరు. ఒకరోజు లేవబోతూ కుడి బ్రేకు వేశారు, ఎడమది వేయలేదు. కుర్చీ గిర్రున తిరిగి ఆయన గచ్చు మీద పడ్డారు. "ఎన్ని తూర్లు చెప్పినా ఇనరు" అని భార్య నిష్ఠూరం. అది వినకపోవడం కాదమ్మా! మెదడులో కుడివైపు దెబ్బ తగిలితే కొందరికి ఎడమ పక్క అనేదే ధ్యాసలోకి రాదు. కన్ను కనిపిస్తుంది, మనసు అటు పోదు. కంచంలో ఎడమ పక్క అన్నం అట్లాగే మిగిలిపోతుంది. బ్రేకు సంగతీ అంతే.

అందుకని ఎడమ బ్రేకు పిడికి జానెడు ప్లాస్టిక్ పైపు గట్టిగా తొడిగించాము. కుడి చేత్తో వంగకుండా అందుతుంది. దానికి ఎర్ర టేపు చుట్టాము. కుర్చీని ఎప్పుడూ బాగున్న చెయ్యి మంచం వైపు ఉండేట్టు పెట్టమన్నాము. కాళ్లు పెట్టుకునే పలకలు ముందే పైకి మడవాలి. వాటిమీద నిలబడితే కుర్చీ ముందుకు బోర్లా పడుతుంది.

మనిషి లేవగానే తనంతట తానే చక్రాన్ని పట్టుకునే బ్రేకులు కూడా ఉన్నాయి. కాస్త ఖరీదు, కాని మరుపు ఉన్నవారికి మంచివి. సీటు మీద పరిచే పట్టీ ఇంకొకటి ఉంది. బరువు లేచిందంటే మోగుతుంది. కొన్నింటిలో మన గొంతే రికార్డు చేసుకోవచ్చు. అది మోగేసరికే మనిషి సగం లేచి ఉంటాడు కనుక, దాన్ని నమ్మి ఒంటరిగా వదలకూడదు. గొంతు మాత్రం ఇంటి తెలుగులోనే ఉండాలి. ఆ పెద్దాయనకు కూతురు "నాయనా, ఎడం పక్క బ్రేకు!" అని చెప్పి పెట్టింది. కుడివైపు పడిపోయినవారిలో కొందరికి మాట అర్థం కావడమే కష్టం. వారికి రంగు టేపు, చేతి సైగ మేలు.

మరికొన్ని మాటలు. గాలి టైర్లలో గాలి తగ్గితే బ్రేకు పట్టదు. పడిపోయిన చెయ్యి జారి చక్రంలో ఇరుక్కుంటుంది, చీర చెంగూ అంతే. చేతికింద వెడల్పు పలక అమర్చండి. బెల్టు పొట్టమీద కాదు, తుంటి మీదుగా రావాలి. గడపకు వాలు కట్టిస్తే, అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి.

వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో, కటక్ దగ్గర ఓలట్‌పూర్ సంస్థలో, ముంబయి హాజీ అలీ దగ్గరి సంస్థలో ఈ పునరావాస విభాగాలున్నాయి. వెళ్లేటప్పుడు రోగితో పాటు కుర్చీని కూడా తీసుకెళ్లండి. బ్రేకు ఏ చేతికి అందుతుందో అక్కడే కూర్చోబెట్టి చూపించమని అడగండి.