ప్రమాణము ఏ ఊరిలో?

చిన్ననాడు తల్లిదండ్రుల చేయి పట్టుకొని ఇచ్చటికి వచ్చిన బిడ్డలారా! పౌరసత్వమునకు దరఖాస్తు పెట్టి, ఆక్లాండ్ నుండి క్రైస్ట్‌చర్చ్‌కు తరలవచ్చునా అని అడిగితిరి. నిస్సందేహముగా తరలవచ్చును. నివాస హక్కుతో ఐదేండ్లలో 1,350 దినములు, ఏటా కనీసము 240 దినములు ఈ దేశమున ఉండుటయే లెక్క, ఊరు కాదు. ప్రమాణ సభ జరుపునది స్థానిక కౌన్సిల్ గనుక కొత్త చిరునామాను వెంటనే తెలుపుడు.

అంతకంటె బరువైనది వేరొకటి. ప్రమాణముతో భారత పౌరసత్వము పోవును. ఆ దేశ చట్టము రెండింటిని ఒప్పదు. ఓసీఐ కార్డుతో తాతగారి ఊరికి పోవచ్చును. ఆయన పొలము వారసత్వముగా రావచ్చును గాని, ప్రక్క పొలము కొనలేరు, ఓటు వేయలేరు. నా పాత పాస్‌పోర్టుపై రద్దు ముద్ర పడునపుడు నేను కిటికీ వైపు తిరిగితిని.