సిసిలియా చేతి వాద్యము

ఉప్పల్, నాచారం ప్రాంతముల చర్చిలలో పునీతుల పటములను మీలో పలువురు చూచియే యుందురు. ముఖములను బట్టి వారిని పోల్చుట కష్టము. శంఖచక్రములు చూచి విష్ణుమూర్తి యనియు, త్రిశూలము చూచి శివుడనియు మనము గుర్తించుట లేదా? పాశ్చాత్య చిత్రకారుల పద్ధతియు నట్టిదే.

1515 ప్రాంతమున రాఫాయెల్ రచించిన 'పునీత సిసిలియా' చిత్రము ఇటలీలో బొలోన్యా నగర చిత్రశాలయందున్నది. అందు ఖడ్గముపై చేయి మోపినవాడు పౌలు. రోము నగరమున ఆతని శిరస్సు ఖండించిరని ఐతిహ్యము. పక్షిరాజు గుర్తుగా గలవాడు సువార్తికుడగు యోహాను. పీఠాధిపతి దండము అగస్తీనుది. పరిమళ తైలపు బుడ్డి పట్టినది మగ్దలేని మరియ. ఆమె యొక్కతెయే మనవంక చూచుచున్నది.

నడుమ నున్న సిసిలియా గాయకులకు కొలుపు. అయినను ఆమె చేతిలోని చిన్న ఆర్గన్ తలక్రిందులై, గొట్టములు జారిపోవుచున్నవి! కాళ్లచెంత తీగలు తెగిన వయోలా, తాళములు, పిల్లనగ్రోవులు పడియున్నవి. పౌలు చూపు వానిపైననే నిలిచినది. ఆమె చూపు మాత్రము మేఘములలో పుస్తకము పట్టి పాడు దేవదూతలవైపు. వారిచేత వాద్యమొక్కటియు లేదు.

లౌకిక సంగీతముకన్న దివ్యగానము మిన్న యని దీనికి వ్యాఖ్య. వాద్యగోష్ఠులతో దినము గడపు రేడియోవారమగు మాకు అది యంతగా రుచింపదు. వాద్యము గీతము ననుసరించునని 13వ శతాబ్దమున శార్ఙ్గదేవుడు 'సంగీత రత్నాకరము'న చెప్పెను. రాఫాయెల్ కూడ గాత్రమునకు పెద్దపీట వేసెనే గాని వాద్యమును తూలనాడలేదని మా తలంపు. ఆ వాద్యములను చిత్రించుటకే ఊదినే పురవాసియగు జొవాన్నిని ప్రత్యేకముగా నియమించెనని వసారి వ్రాసియున్నాడు.