ఏ సైడూ తీసుకోకపోతే పిరికితనమా? రెండు కొరియాల మధ్య ఇండియా

ఎక్కడ యుద్ధం మొదలైనా మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: "ఇండియా ఏ సైడ్?" ఏ సైడూ కాదంటే "గోడ మీద పిల్లి" అనేస్తారు. ఆ మాట ఎంతవరకు నిజమో ఇవాళ కొరియా కథలో చూద్దాం.

1950 జూన్ 25. నార్త్ కొరియా సైన్యం సౌత్‌లోకి దూసుకొచ్చింది. మనకి స్వాతంత్ర్యం వచ్చి మూడేళ్లు కూడా నిండలేదు. అయినా ఇండియా నోరు మూసుకుని కూర్చోలేదు. నార్త్ వెనక్కి వెళ్లాలన్న తీర్మానానికి భద్రతా మండలిలో ఓటేసింది. కానీ యుద్ధం చేయడానికి సైన్యాన్ని పంపలేదు, ఆర్మీ మెడికల్ యూనిట్‌ని పంపింది.

అసలు పరీక్ష యుద్ధ ఖైదీల దగ్గర వచ్చింది. "మా వాళ్లందర్నీ అప్పగించాల్సిందే" అని చైనా, నార్త్ కొరియా. "వెళ్లనన్నవాళ్లని బలవంతంగా పంపం" అని అమెరికా. దీని మీదే చర్చలు నెలల తరబడి ఆగిపోయాయి. అక్కడ జనం చనిపోతూనే ఉన్నారు.

చివరికి 1953లో, వెళ్లనన్న 22 వేల మందికి పైగా ఖైదీల్ని ఐదు తటస్థ దేశాల కమిషన్‌కి అప్పగించారు. చైర్మన్ మన జనరల్ తిమ్మయ్య, కాపలా మన సైనికులది. సౌత్ అధ్యక్షుడు సింగ్‌మన్ రీకి మన మీద ఎంత కోపమంటే, మనవాళ్లని తన నేల మీద కాలు పెట్టనివ్వలేదు. హెలికాప్టర్లలో తీసుకెళ్లాల్సి వచ్చింది! ఏ కొరియాకీ, చైనాకీ వెళ్లనన్న 88 మంది 1954లో ఇండియాకే వచ్చారు.

మరి అన్నిచోట్లా ఇదే రూలా? కాదు. వెస్ట్ జర్మనీతో 1951లోనే సంబంధాలు పెట్టుకున్నాం, ఈస్ట్ జర్మనీని గుర్తించింది మాత్రం 1972లో. ఈస్ట్‌ని గుర్తిస్తే తెంచుకుంటామనేది వెస్ట్ పాలసీ. రూర్కెలా స్టీల్ ప్లాంట్‌కి మనకి వాళ్ల సాయం కావాలి. సూత్రం పక్కనే అవసరం కూడా ఉంది, అది ఒప్పుకోవాలి.

కొరియా దగ్గర మాత్రం 1973లో రెండింటితోనూ ఒకేసారి పూర్తి దౌత్య సంబంధాలు మొదలయ్యాయి. 1993లో మన పీవీ నరసింహారావు ప్రధానిగా సియోల్ వెళ్లారు. 2019 నుంచి కియా కార్లు మన పెనుకొండలో తయారవుతున్నాయి. ఇదంతా తిమ్మయ్య పుణ్యమే అనను. కానీ అప్పట్లో తిట్టిన దేశంతోనూ తలుపు మూసుకోలేదు కదా.

నా పాయింట్ ఇదే. ఊళ్లో ఇద్దరు కొట్టుకుంటే దూరంగా నిలబడి చూసేవాడు వేరు, ఇద్దరి తిట్లూ పడి విడదీసేవాడు వేరు. ఈసారి "మేం న్యూట్రల్" అని ఏ దేశమైనా అంటే ఒక్కటి అడగండి: మధ్యలో నిలబడి ఏం పని చేస్తోంది?

మీరేమంటారో కామెంట్‌లో రాయండి. మళ్లీ కలుద్దాం!