అమ్మమ్మ బొంత

సెలవులకు మనవలొచ్చారా? అయితే బీరువా అడుగున ఉన్న పాత నూలు చీర ఒకటి బయటికి తీయండి. బొంత కుడదాం.

నూలుదే కావాలి. పాలియెస్టర్ జారిపోతుంది, చెమట పీల్చదు. ఎన్నోసార్లు ఉతికి మెత్తబడిన చీరైతే పసివాళ్ల ఒంటికి హాయి. జరీ అంచుంటే కత్తిరించేయండి, గుచ్చుకుంటుంది. అయిదున్నర మీటర్ల చీరను పొడవులో నాలుగు మడతలు వేస్తే సుమారు 1.4 మీటర్లు వస్తుంది. పిల్లలకు చాలు.

నేలమీద పరిచి, ముడతలు తీసి, పొరలు కదలకుండా ముందు దూరదూరంగా కచ్చా కుట్లు వేయండి. ఆ తర్వాత అంచుల వెంట ఒక చుట్టు, లోపల రెండు వేళ్ల ఎడంతో వరసలు. దారం బిగించి లాగితే గుడ్డ ముడుచుకుపోతుంది.

సూదిలో దారం ఎక్కించే పని మనవలదే. మన కళ్లకు ఎలాగూ ఆనదు! చిన్నవాళ్లు మూలల మీద కూర్చుంటే గుడ్డ బిగువుగా ఉంటుంది. కాస్త పెద్దవాళ్లకు, పక్కనే ఉండి, సూది ఇవ్వొచ్చు. కుట్టు వంకరపోతే మాత్రం విప్పకండి. వచ్చినవాళ్లందరికీ వాళ్లు చూపించేది ఆ వరసే. ఆ చీర ఎవరి పెళ్లికి కొన్నదో కూడా అడుగుతారు, జవాబు సిద్ధం చేసుకోండి.

పని ముగిశాక సూదులు లెక్కపెట్టి డబ్బాలో వేయండి. బొంతలో ఒక్కటీ మిగలకూడదు.